పిల్లల గొంతుకి ఏ పాట?

ఉగాదికి రెండు నెలల ముందు నుంచే నా ఫోను మోగడం మొదలవుతుంది.

“అన్నయ్యగారూ, ఈసారి మా వాడి చేత శంకరాభరణం సినిమాలో ‘శంకరా’ పాట పాడిద్దామనుకుంటున్నామండీ. ఎనిమిదేళ్ళే గాని భలే పాడతాడు. ట్రాకు కూడా దింపి పెట్టేశాం. మీరు ఒక్క రెండు శనివారాలు ప్రాక్టీసు చేయిస్తే చాలు.”

రెండు శనివారాలు! 1966లో తొలి సినిమా పాట పాడిన బాలసుబ్రహ్మణ్యంగారు, 1980లో విడుదలైన శంకరాభరణం నాటికి ముప్ఫై మూడేళ్ళవాడు. పదమూడేళ్ళ పాటు మైకు ముందు నిలబడ్డ గొంతుతో, ఎంతో సాధన చేసి మరీ పాడిన పాట అది. దాన్ని మన ఎనిమిదేళ్ళ బుడతడు రెండు శనివారాల్లో దింపెయ్యాలి. నవ్వొస్తుంది గాని నవ్వను. ఎందుకంటే ఈ ముసఫ్ఫాలో ఆ తప్పు అందరికంటే ముందు చేసినవాణ్ణి నేనే.

ముందుగా ఒక మాట. నేను సంగీతం మాస్టారిని కాను. ఎం.సి.ఏ. చదివి, బతుకుతెరువుకి సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటునైనవాణ్ణి. చిన్నప్పుడు తెనాలిలో మూడేళ్ళు గాత్రం నేర్చుకుని, ఇంటర్మీడియట్ పేరు చెప్పి మానేశాను. ఆ మూడేళ్ళ పుణ్యమే మా వాళ్ళ దృష్టిలో నన్ను విద్వాంసుణ్ణి చేసింది. ముసఫ్ఫాలోనూ, పక్కనే మొహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోనూ ఉండే తెలుగు కుటుంబాల పిల్లల్ని పోగేసి, షాబియాలో ఒక మిత్రుల ఇంటి హాల్లో శనివారం సాయంత్రాలు పాటలు పాడించే పని కొన్నేళ్ళ క్రితం నా మెడలో పడింది. పడ్డాక వదల్లేదు. వదిలించుకోవాలని నేనూ అనుకోలేదు.

సరే, నా తప్పు సంగతి చెబుతాను.

మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. స్టేజీ మీద మా పాప పాడుతుంటే హాలంతా లేచి చప్పట్లు కొట్టాలని నాకు కోరిక. పాట నేనే ఎంచాను. అదే ‘శంకరా’ పాట. మూడు వారాలు, స్కూలుకి దింపేటప్పుడూ తెచ్చేటప్పుడూ కారులో అదే పాట. నేను ఒక ముక్క పాడటం, తను అందుకోవడం. రెండో వారానికి గొంతు బొంగురుపోయింది. ఇసుక గాలి అనుకున్నాం, ఏసీ అనుకున్నాం. మిరియాల పాలు పట్టాం, పటికబెల్లం బుగ్గన పెట్టాం. పాట మార్చాలని మాత్రం మాకెవరికీ తోచలేదు.

ఆ రోజు రానే వచ్చింది. పట్టుపావడా, మల్లెపూలు, అన్నీ అమరాయి. పల్లవి బాగానే గడిచింది. పైస్థాయికి వెళ్ళే చోట గొంతు ఒక్కసారిగా చీరుకుపోయింది. తను ఆగింది, ట్రాకు ఆగలేదు. మనవాళ్ళు మంచివాళ్ళు, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే తనకి ఎక్కువ బాధ కలిగించాయని తరువాత తెలిసింది. ఇంటికి వచ్చేదాకా కారులో ఒక్క మాట లేదు. ఏడవలేదు కూడా. ఆ తరువాత పదకొండు నెలలు మా ఇంట్లో ఆ పిల్ల పాడిన పాట ఒక్కటీ వినపడలేదు. స్నానాల గదిలో కూనిరాగం సైతం లేదు. అడిగితే, “నాకు పాట రాదు నాన్నా, నీకు తెలీదా?” అంది.

గురువుగారు అడిగిన ప్రశ్న

ఉండబట్టలేక తెనాలిలో నాకు చిన్నప్పుడు సరళీ స్వరాలు నేర్పిన టీచరుగారికి ఫోను చేశాను. ఆవిడకిప్పుడు డెబ్భై దాటాయి. కథంతా విని, ఓదారుస్తారనుకుంటే, “ఒరే, నువ్వు పాడి చూపించింది ఏ శ్రుతిలో?” అన్నారు.

“ఒకటిన్నరండీ. నాది అదే కదా.”

“దానిదెంత?”

నా దగ్గర సమాధానం లేదు. తొమ్మిదేళ్ళు పెంచిన పిల్ల గొంతు ఏ శ్రుతిలో హాయిగా పలుకుతుందో నాకు తెలియదు. రోజూ ఆఫీసులో పక్కవాళ్ళ సర్వర్ల కెపాసిటీ లెక్కలు కట్టేవాణ్ణి!

తల్లిదండ్రులు, ముఖ్యంగా నాన్నలు, ఈ ముక్క ఒక్కటి అర్థం చేసుకుంటే సగం గొంతులు బాగుపడతాయి. మగవాళ్ళం సాధారణంగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో పాడతాం. హార్మోనియం మీద చెప్పాలంటే సి నుంచి డి దాకా. చిన్నపిల్లలకి, ఆడపిల్లయినా మగపిల్లాడైనా, చాలామంది గురువులు ఐదు, ఐదున్నర, ఆరు శ్రుతుల దగ్గర మొదలుపెడతారు, అంటే జి నుంచి ఎ దాకా. నేను నా ఒకటిన్నరలో పాడితే పాప దాన్ని అలాగే కింద పాడలేదు, అంత కిందికి పిల్లల గొంతు దిగదు. కాబట్టి ఒక స్థాయి పైన అందుకుంటుంది. మధ్య షడ్జం దాకా ఫరవాలేదు. అక్కణ్ణుంచి పాట పంచమం దాటి తార షడ్జానికి ఎక్కిందా, ఇక గొంతు చించుకోవడమే. కరోకే ట్రాకులతోనూ ఇదే చిక్కు. అవి అసలు పాడిన గాయకుడి శ్రుతిలోనే ఉంటాయి. మగగొంతు పాట ట్రాకు పెట్టి పిల్లల్ని పాడమనడం అంటే, నా చొక్కా వాడికి తొడిగి స్కూలుకి పంపడమే.

దీనికి మందు ఉంది, డబ్బు కూడా అక్కర్లేదు. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరులో ట్రాకు వేగం మారకుండా శ్రుతి ఒక్కటే దించవచ్చు, పెంచవచ్చు. మరీ నాలుగైదు అర స్వరాలు మారిస్తే వాయిద్యాల నాదం కృతకంగా వినపడుతుంది. అందుకని నేనిప్పుడు ట్రాకులే తగ్గించేశాను. ఒక తంబూరా యాప్, ఒక కీబోర్డు, తాళానికి చేతులు. ట్రాకు పిల్లాడి కోసం ఆగదు, మనిషైతే ఆగుతాడు.

ఎక్సెల్ షీటులో గొంతులు

అలవాటు ఊరికే పోదు కదా. ఆ మరుసటి ఏడాది మా శనివారం పిల్లలందరికీ ఒక ఎక్సెల్ షీటు తయారుచేశాను. పద్నాలుగు మంది పిల్లలు. ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని కీబోర్డు మీద మెట్టు మెట్టుగా దిగుతూ, ఎక్కుతూ “ఆ” అనిపించాను. శబ్దం వినపడినంత వరకు కాదు, మొహం చిట్లించకుండా, మెడ నరం ఉబ్బకుండా, భుజాలు పైకి లేవకుండా పలికినంత వరకే లెక్క. ఇంకో గడిలో ఒక్క ఊపిరికి ఎన్ని సెకన్లు స్వరం నిలబెట్టగలరో రాసుకున్నాను.

చూస్తే కళ్ళు తెరుచుకున్నాయి. ఆరేడేళ్ళ పిల్లల్లో చాలామందికి హాయిగా పలికేవి ఐదారు స్వరాలే. ఇది మా పిల్లల లోపం కాదు, ఆ వయసు గొంతు అంతే. తొమ్మిది, పదేళ్ళు వచ్చేసరికి ఒక స్థాయి నిండుతుంది. ఊపిరి సంగతి, మా వాళ్ళలో ఎక్కువమంది ఆరు నుంచి తొమ్మిది సెకన్ల దగ్గర ఆగిపోయారు. అంటే ఒక పంక్తి పది సెకన్లు సాగే పాట ఇస్తే మాట మధ్యలో తెగుతుంది. మాట తెగితే అర్థం తెగుతుంది.

అప్పటి నుంచి నాకు పాట ఎంచడం అంటే ముందు ఆ పాట పరిధి చూడటం. ఎక్కడ కింద మొదలై ఎంత పైకి పోతుంది? పాటలో అన్నిటికన్నా పై స్వరం ఒక్కసారి ముట్టుకుని వచ్చేస్తుందా, లేక అక్కడే తిష్ట వేస్తుందా? ఈ కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే మనం సులువనుకున్నవి కష్టంగా, కష్టమనుకున్నవి సులువుగా కనిపిస్తాయి.

ఉదాహరణకి, కర్ణాటక సంగీతంలో అందరూ మొదట నేర్చుకునే గీతం పురందరదాసు రాసిన ‘శ్రీ గణనాథ’, మలహరి రాగం. మొదటి గీతం కాబట్టి ఆరేళ్ళ పిల్లకి తేలిక అనుకుంటాం. తీరా చూస్తే అది మధ్యమంలో మొదలై, మొదటి ఆవృతంలోనే తార రిషభాన్ని ముట్టుకుంటుంది. అందుకేనేమో పెద్దలు గీతం దాకా రావడానికి ముందు సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు అంటూ నెలల తరబడి గొంతుని మెట్లు ఎక్కించేవారు. ఆ నెలలు మనం ఎగరగొట్టేసి “గీతం నేర్పండి” అంటాం. క్రమంగా గురువు దగ్గర నేర్చుకునే పిల్లలకి ఆ పాత దారే దారి. అందులో నేను వేలు పెట్టను. నేను చెప్పేది వారానికి ఒక్క గంట వచ్చే శనివారం పిల్లల సంగతి.

మరోపక్క అన్నమయ్య (1408–1503) ‘ముద్దుగారే యశోద’ చూడండి. విద్వాంసులు కచేరీల్లో పాడతారు కాబట్టి పెద్ద పాట అనుకుంటాం. దాన్ని సాధారణంగా పాడే కురంజి రాగం మంద్ర నిషాదం నుంచి మధ్య ధైవతం వరకే ఉంటుంది. అంతకు పైకి వెళ్ళదు. ఏడంటే ఏడు స్వరాలు, స్థాయి కూడా నిండదు. నవరత్నాల పేర్లు ఒక్కో చోట ఒక్కొక్కటి వస్తాయి కాబట్టి పిల్లలకి గుర్తుపెట్టుకోవడం ఒక ఆట. మా హాల్లో ఒక పిల్ల ‘గోమేధికం’ అనడానికి రెండు వారాలు పట్టింది. మూడో వారం వాళ్ళమ్మ ఉంగరంలో ఉన్నదాన్ని చూపించి “ఇదేనా అంకుల్?” అని అడిగింది. లాలి పాటల్లో వినిపించే నవరోజు రాగం కూడా ఇలాగే మంద్ర పంచమం నుంచి మధ్య పంచమం దాకా మాత్రమే తిరుగుతుంది. తల్లులు బిడ్డని ఒళ్ళో వేసుకుని గొంతు పెంచకుండా పాడుకునే రాగం మరి. మనవాళ్ళు పెద్ద పెద్ద లెక్కలు లేకుండానే గొంతుకి తగ్గ రాగం అట్టే పెట్టారు.

ఇంకొకటి చెబితే పిల్లలు ఎగిరి గంతేస్తారు. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) మద్రాసులో ఇంగ్లీషువారి బ్యాండు మేళాల బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. ‘నొట్టుస్వరాలు’ అంటారు, దాదాపు నలభై ఉన్నాయి. అందులో ‘శ్యామలే మీనాక్షి’ బాణీ, మన పిల్లలు ఎల్కేజీలో నేర్చుకున్న ‘ట్వింకిల్ ట్వింకిల్’ బాణీయే! షడ్జం నుంచి ధైవతం దాకా ఆరు స్వరాలు. బాణీ ముందే వచ్చు, ఇక మాటలే నేర్చుకోవాలి. అబుదాబిలో పుట్టి పెరిగిన పిల్లకి ఇంతకన్నా మంచి గుమ్మం ఎక్కడ దొరుకుతుంది? త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనల్లో ‘వరలీల గానలోల’ కూడా శంకరాభరణంలో ఇలాగే కవాతు నడకతో సాగుతుంది. చరణాలన్నీ ఒకే బాణీ. ఒకటి వస్తే అన్నీ వచ్చినట్టే.

మోహన రాగం మీద నాకు పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను. స రి గ ప ద, ఐదే స్వరాలు, ఒకదానికొకటి ఎక్కడా మరీ దగ్గరగా ఉండవు. కాబట్టి పిల్ల అటూ ఇటూ జారినా పక్క స్వరంలో పడదు. మాయామాళవగౌళలో షడ్జానికీ రిషభానికీ మధ్య ఉండేది అర స్వరం ఎడమే. గురువు రోజూ పక్కనుండి దిద్దితే ఆ సన్నటి తేడాయే చెవిని పదును పెడుతుంది. వారానికో గంట వచ్చేవాళ్ళకి మాత్రం జారుడు మెట్టు అవుతుంది. హంగేరీలో జోల్తాన్ కొడాయ్ (1882–1967) అనే సంగీతకారుడు పిల్లలకి సంగీతం చెప్పే పద్ధతి ఒకటి తీర్చిదిద్దాడు. ఆయనా ఇలాగే ఐదు స్వరాల పాటలతో, అదీ మాతృభాషలోని జానపదాలతో మొదలుపెట్టమన్నాడు. ఆ పద్ధతిని 2016లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. ఆయన మాట చదివినప్పుడు, మరి మన జానపదం సంగతేమిటి అనిపించింది. దానికి సమాధానం నాకు పుస్తకంలో కాదు, ముసఫ్ఫా ఇండస్ట్రియల్ ఏరియాలో దొరికింది.

జవాబు పాట

బతుకమ్మ పండక్కి స్టేజీ కట్టడానికి సాయం వచ్చినవాళ్ళలో జగిత్యాల వైపు తమ్ముడొకడు ఉన్నాడు. ముసఫ్ఫాలో వెల్డరు. క్యాంపులో ఎనిమిదిమంది ఒక గదిలో ఉంటారు. వారంలో తనకి దొరికే ఒక్క సెలవు రోజూ వచ్చి మాతో పని చేస్తున్నాడు. ఒక మూల నేను పిల్లలతో కుస్తీ పడుతున్నాను. నాలుగు చరణాల పాట, ఎవరికీ రెండో చరణం రావడం లేదు. కాసేపు చూసి దగ్గరికి వచ్చాడు.

“సార్, గంత పెద్ద పాట పిల్లలకెందుకు? జవాబు పాట వెట్టుండ్రి. నేనంట, వాళ్ళు మళ్ళ అంటరు.”

బతుకమ్మ పాటలు మీకు తెలియనివి కావు. ఒకరు చిన్న పంక్తి అంటారు, చివర ‘ఉయ్యాలో’ అని అందరూ అందుకుంటారు. చప్పట్లే తాళం. వాళ్ళమ్మ పాడేదట, తను పక్కన పూలు పేరుస్తూ విన్నాడట. అలా విన్న పాట ఎత్తుకున్నాడు. పది నిమిషాల్లో పద్నాలుగు మంది పిల్లలూ పాడుతున్నారు. కొత్తగా వచ్చిన ఐదేళ్ళ పిల్లకి పంక్తి రాకపోయినా ‘ఉయ్యాలో’ వచ్చు కదా, అది చాలు. మొత్తం పాట నాలుగైదు స్వరాల్లోనే తిరుగుతుంది. పంక్తి రెండు మూడు సెకన్లు. పిల్లలు ఊపిరి తీసుకోవడానికి జాగా పాటలోనే ఉంది, ఎందుకంటే తను పాడేటప్పుడు వాళ్ళు ఆగుతారు, వాళ్ళు పాడేటప్పుడు తను ఆగుతాడు. నా ఎక్సెల్ షీటులో ఉన్న గడులన్నీ ఆ పాట ముందే నింపేసి ఉంది.

అప్పుడు గమనించాను. గోడవారగా కూర్చుని ఉన్న మా అమ్మాయి పెదవులు కదులుతున్నాయి. గుంపులో ఎవరికీ వినపడనంత చిన్నగా. నేను చూసినట్టు తెలిస్తే ఆపేస్తుందని తల తిప్పుకున్నాను.

ఒంటరి పాటకన్నా ముందు గుంపు పాట ఇవ్వాలని నాకు తెలిసింది ఆ రోజే. ఒక్కణ్ణే మైకు ముందు నిలబెట్టడం మనకి టీవీ పోటీలు నేర్పిన అలవాటు. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పుడు మా ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చునేవాళ్ళం. దాన్ని ఒక్క మాట అనను. కానీ అక్కడికి వచ్చేవాళ్ళు ఏళ్ళ తరబడి నేర్చుకుని వడపోతల్లో నిలిచినవాళ్ళు. మనం చూసేది పండు, నాటాల్సింది విత్తనం. పిల్లల కోసమే పాటలు కట్టిన పెద్దలు మనకి లేరా అంటే ఉన్నారు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు తమ జీవితమంతా ధారపోసింది అందుకే. పిల్లలు పాడుకోవడానికే రాసిన ఆ తరహా పాటలు, ‘చిట్టి చిలకమ్మ’, ‘చెమ్మచెక్క’ లాంటి ఆటపాటలు, ఇప్పుడు మన పిల్లలకి యూట్యూబులో బొమ్మలుగా తెలుసు గాని నోటికి రావు. బొమ్మ కదులుతుంటే పిల్ల నోరు కదపదు.

మాటలు కూడా గొంతుకి సంబంధించినవే

ఇక్కడి స్కూళ్ళలో అరబిక్ తప్పనిసరి, హిందీ ఉంటుంది, తెలుగు దొరకడం అపురూపం. మా పిల్లల్లో ఎక్కువమంది పాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడతారు. అందులో ళ లేదు, ణ లేదు, పొట్టి పొడుగుల తేడా లేదు. అర్థం తెలియని మాటని పిల్లలు గొంతు బిగించి పలుకుతారు, తెలిసిన మాటని వదులుగా పలుకుతారు. ఇది మీ ఇంట్లోనే పరీక్షించి చూడండి. ‘చందమామ’ అనమనండి, ‘చతుర్దశ’ అనమనండి. అందుకే కొత్త పాట మొదలుపెట్టే ముందు పది నిమిషాలు కథ చెబుతాను, మాటలు తెలుగు అక్షరాల్లో రాయిస్తాను. పాటల తరగతి అని వచ్చి తెలుగు తరగతిలో కూర్చుంటారు, వాళ్ళకి తెలియనివ్వను.

అర్థం అన్నాక ఇంకో సంగతి. ఏడేళ్ళ పిల్ల విరహగీతం పాడుతుంటే మనం ముచ్చటపడి వీడియో తీస్తాం. సినిమా పాట వద్దనడం లేదు. మాయాబజార్ (1957)లో మాధవపెద్ది సత్యంగారు పాడిన ‘వివాహభోజనంబు’ పెట్టండి. అక్షరానికో స్వరం, గారెలు, బూరెలు, మధ్యలో నవ్వులు. ఆ నవ్వే పిల్లలకి పొట్టలోంచి ఊపిరి ఎలా తియ్యాలో నేర్పేస్తుంది. నేను గంటసేపు ఉపన్యాసం ఇచ్చినా రాని విద్య అది.

సభ మొదట్లో పాడే పాటలు కూడా ఎంచుకోవలసినవే, అవి ఎలాగూ ఉంటాయిలే అని వదిలేస్తాం. జనగణమన బాణీకి స్వరాలు రాసింది మన మదనపల్లెలోనే. 1919లో ఠాగూరు బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకి వచ్చినప్పుడు మార్గరెట్ కజిన్స్ సాయంతో జరిగింది. ఆ పాట మంద్ర నిషాదం నుంచి తార షడ్జం దాకా వెళుతుంది. ఎవరో ఒకరు ఉత్సాహంగా పైన ఎత్తుకుంటారు, చివరికి వచ్చేసరికి పిల్లలంతా కేకలు. మేమిప్పుడు కీబోర్డు మీద ఆధార షడ్జం వినిపించాకే మొదలుపెడతాం. శంకరంబాడి సుందరాచారిగారు రాసిన ‘మా తెలుగు తల్లికి’ పాటలో తిమ్మరుసు, రుద్రమ్మ వచ్చే చోటు పెద్దపిల్లలకి ఇచ్చి, పల్లవి చిన్నవాళ్ళకి ఇస్తాం. 2024లో తెలంగాణ రాష్ట్రగీతమైన అందెశ్రీగారి పాటకి పూర్తి రూపం, చిన్న రూపం రెండూ ఉన్నాయి. పిల్లలకి చిన్నదే. ఏది ముందు, ఏది తరువాత అన్నది కార్యవర్గం తేల్చుకోవలసిన సంగతి. ఆ గొడవలోకి నన్ను లాగొద్దు!

మగపిల్లల తల్లిదండ్రులకి ఒక విన్నపం. పన్నెండు, పద్నాలుగేళ్ళ మధ్య గొంతు పగులుతుంది. నిన్నటిదాకా ఆరో శ్రుతిలో గంట కొట్టినట్టు పాడినవాడు ఇవాళ నోరు తెరిస్తే రెండు గొంతులు వస్తాయి. మా గుంపులో ఒకడు సిగ్గుపడి మానేద్దామనుకున్నాడు. వాడికి నాలుగు స్వరాల పాట ఒకటి, శ్రుతి రెండున్నర దాకా దించి ఇచ్చాను. కొన్నాళ్ళు తాళం బాధ్యత అప్పజెప్పాను. ఏడాది తరువాత వాడి కొత్త గొంతు చూసి వాళ్ళ నాన్నే బెదిరిపోయాడు. ఆ ఏడాది పాట మార్చాలి గాని పిల్లాణ్ణి మానిపించకూడదు.

ఈమధ్య అమ్మలు కూడా కొందరు వచ్చి కూర్చుంటున్నారు. వాళ్ళకి పరిధి ఉంది, మాటలు వచ్చు, ధైర్యం లేదు. వాళ్ళకి నేను పాట ఎంచను. చిన్నప్పుడు మీ అమ్మమ్మ పాడిన పాట ఏదైనా గుర్తుందా అని అడుగుతాను. ఎవరో ఒకరికి మంగళహారతి గుర్తొస్తుంది. అంతే, ఆ వారానికి అదే పాఠం.

ఇక మా అమ్మాయి. బతుకమ్మ అయిన మూడో వారం నుంచి గుంపులో వినపడేటంత పాడటం మొదలుపెట్టింది. నేనేమీ అనలేదు. ఏ పాటా ఇవ్వలేదు, ఏ ట్రాకూ పెట్టలేదు. ఇప్పుడు పదమూడో ఏడు. ఈ ఉగాదికి ‘ముద్దుగారే యశోద’ తనే ఎంచుకుంది, అదీ ఇంకో ఇద్దరు పిల్లలతో కలిసి పాడుతుందట. మొన్న శనివారం ప్రాక్టీసుకి వెళుతూ కారులో తంబూరా యాప్ పెట్టి ఐదున్నరలో ఎత్తుకుంది. నేను స్టీరింగు పట్టుకుని నోరు మూసుకుని వింటున్నాను. పల్లవి రెండోసారి పాడి ఆపేసింది.

“నాన్నా, అర శ్రుతి తగ్గిస్తున్నాను. చిన్నదానికి పైన అందడం లేదు.”